రిజల్ట్స్ చాప్టర్ రాసే ముందు: ఎవరితో పోలుస్తున్నారో చూసుకోండి

ఈమధ్య ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చిన రిపోర్ట్‌లో ఈ మాట ఉంది: "సిగరెట్ మానేసినవారికి జబ్బు వచ్చే ఆడ్స్, ఎప్పుడూ తాగనివారిలో సగమే." (ఆడ్స్ అంటే జబ్బు వచ్చే అవకాశాన్ని రాని అవకాశంతో భాగిస్తే వచ్చే అంకె.) టేబుల్‌లో 0.5 ఉన్నమాట నిజమే. కానీ అది ఇప్పటికీ తాగుతున్నవారితో పోల్చి వచ్చిన అంకె. లేబుళ్లు 'కరెంట్', 'ఎక్స్', 'నెవర్'. ఇంగ్లీషు అక్షరక్రమంలో ముందున్న 'కరెంట్'ను ఆర్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే రిఫరెన్స్‌గా, అంటే మిగతావాటిని పోల్చే కేటగిరీగా, పెట్టేసుకుంది. 'నెవర్' పక్కన 0.25 ఉంది. అంటే ఎప్పుడూ తాగనివారితో పోలిస్తే మానేసినవారి ఆడ్స్ రెండు రెట్లు. రెట్టింపును సగం అని రాశారు!

ఇలాంటి టేబుళ్లు ఇచ్చే లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును/కాదు అనే ఫలితానికి వేసే మోడల్) ఓనమాలు మీకు వచ్చనే అనుకుంటాను. జనాన్ని ముంచుతున్నది ఈ ఒక్క తప్పే: రిఫరెన్స్ కేటగిరీ ఏదో చూసుకోకుండా వాక్యం రాసేయడం.

డిఫాల్ట్‌ను నమ్మకండి. ఆర్‌లో మొదటి లెవెల్, స్టాటాలో అతి చిన్న కోడ్, ఎస్‌పీఎస్‌ఎస్‌లో చివరి కేటగిరీ రిఫరెన్స్ అవుతాయి. సాస్‌లో ఈ మోడల్ వేసే ప్రోక్ లాజిస్టిక్‌ది ఇంకో మెలిక. అక్కడ డిఫాల్ట్ ఎఫెక్ట్ కోడింగ్. కోఎఫిషియెంట్ పోల్చేది ఏ ఒక్క కేటగిరీతోనూ కాదు, అన్ని కేటగిరీల లాగ్ ఆడ్స్ సగటుతో. దాన్నే ఎక్స్‌పొనెన్షియేట్ చేసి ఆడ్స్ రేషియో (రెండు గుంపుల ఆడ్స్ నిష్పత్తి) అని టేబుల్‌లో వేసేవాళ్లున్నారు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా రిఫరెన్స్‌ను మీరే ఎంచుకుని కోడ్‌లో రాయండి. అందులో తగినంత మంది ఉండాలి. పట్టుమని పదిమంది లేని కేటగిరీని పెట్టుకుంటే దానితో చేసే ప్రతి పోలికలోనూ స్టాండర్డ్ ఎర్రర్ ఉబ్బిపోతుంది.

ఆడ్స్ రేషియో 3 అంటే అవకాశం మూడు రెట్లు అని కాదు. అవకాశం 50% నుంచి 75%కి పెరిగితే ఆడ్స్ 1 నుంచి 3 అవుతాయి, అవకాశం మాత్రం ఒకటిన్నర రెట్లే. జబ్బు 1% మందికే వచ్చే చోట ఆడ్స్ రేషియో, అవకాశాల నిష్పత్తి రెండూ దాదాపు ఒకటే, అందుకే ఈ పొరపాటు చాలాసార్లు బయటపడదు.

ఇక మిగతావి. కేటగిరీలకిచ్చిన 1, 2, 3 కోడ్‌లను నంబర్లుగా వదిలేయకండి. పి-విలువ బాగాలేదని ఒక్క డమ్మీని (ఒక కేటగిరీకి నిలబడే 0/1 వేరియబుల్‌ను) పీకేయకండి, ఆ జనం చప్పుడు లేకుండా రిఫరెన్స్‌లో కలిసిపోతారు, మీ పోలికే మారిపోతుంది. వేరియబుల్ మొత్తానికీ కలిపి లైక్లీహుడ్ రేషియో టెస్ట్ చేయండి. ఇంటరాక్షన్ (ఒక వేరియబుల్ ప్రభావం రెండోదాన్ని బట్టి మారడం) పెట్టారా? అయితే ఒక వేరియబుల్ మెయిన్ ఎఫెక్ట్, రెండోది దాని రిఫరెన్స్ దగ్గర ఉన్నప్పటి మాటే. కోఎఫిషియెంట్ 18, స్టాండర్డ్ ఎర్రర్ వేలల్లో వచ్చిందంటే అది గొప్ప రిజల్ట్ కాదు, సెపరేషన్, అంటే ఏదో ఒక కేటగిరీలో అందరికీ ఒకే ఫలితం రావడం లాంటిది. క్రాస్ టేబుల్ వేసి సున్నా ఉన్న గడి వెతకండి, అలాంటప్పుడు వాడే ఫర్త్ పద్ధతి చూడండి. సాస్‌లో 0ని మోడల్ చేస్తున్నారో 1ని మోడల్ చేస్తున్నారో చూసుకోండి. రిఫరెన్స్ కాని రెండు కేటగిరీలను కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ చూసి పోల్చకండి. రిఫరెన్స్ మార్చి మళ్లీ రన్ చేయండి, ఒక్కొక్కరికి మోడల్ లెక్కగట్టే అవకాశాలేమీ మారవు. టేబుల్‌లో రిఫరెన్స్ వరుసను 1.00 అని వేసి చూపించండి. 'ఫలానావారితో పోలిస్తే' అన్నది లేని ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి.