బండి కింద ఆయిల్ మరక కనిపిస్తే, పార్టులు మార్చే ముందు ఇది చదవండి

పొద్దున్నే బండి తీశాక నేల మీద నల్లటి మరక కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. పిల్లాజెల్లా అంతా ఎక్కి తిరిగే ఎస్‌యూవీ అయితే టెన్షన్ ఇంకా ఎక్కువ. మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఒక చిన్న పని చేయండి. రాత్రి ఇంజిన్ కింద వెడల్పాటి అట్టముక్క పరిచి, బండి ముందు భాగం ఎటుందో దాని మీద బాణం గుర్తు పెట్టండి. చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో తెల్లారేసరికి తెలిసిపోతుంది.

గోధుమ రంగులోనో నల్లగానో ఉండి, వేళ్ల మధ్య రుద్దితే జారుతుంటే అది చాలావరకు ఇంజిన్ ఆయిలే. ఎర్రగా ఉంటే చాలావరకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌దో పవర్ స్టీరింగ్‌దో అయి ఉంటుంది. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్, అది విషం కాబట్టి పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ దగ్గరికి రానివ్వకండి. ఏ రంగూ లేని నీళ్లయితే ఏసీవి, వదిలేయండి. చక్రం లోపలి వైపు తడిగా ఉంటే మాత్రం బ్రేక్ ఆయిల్ కావచ్చు, అది తేలేదాకా బండి కదపొద్దు.

తర్వాత డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూపించే పుల్ల) చూడండి. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, ఇంజిన్ ఆపి కనీసం ఐదు, పది నిమిషాలు అయి ఉండాలి. చాలా బండ్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా దాదాపు 1 లీటరు. కింది గీత దగ్గరికి వస్తే ముందు ఆయిల్ పోయండి, లీకు సంగతి తర్వాత. నడుపుతుండగా ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే ఇంకో కిలోమీటరు చూద్దాంలే అనుకోకుండా పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి.

ఇప్పుడు అసలు విషయం. మా బండికి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతుంటే, వెనక క్రాంక్ సీల్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్‌ని ఆపే రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలి అని మెకానిక్ చెప్పారు. దాదాపు ఒప్పుకున్నాను కూడా. ఎందుకో మనసొప్పక ఆ సాయంత్రం టార్చి, చిన్న అద్దం పట్టుకుని ఇంజిన్ వెనక వైపు చూస్తే, ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ మూల నుంచి సన్నటి తడి గీత కిందిదాకా దిగి సరిగ్గా అక్కడే చుక్క కడుతోంది. ఒక్క రబ్బరు ప్యాకింగ్‌తో అయిపోయే పని! ఆయిల్ పై నుంచి కిందికి జారుతుంది, బండి పరిగెత్తేటప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకే చుక్క పడే చోట లీకు ఉండాలని లేదు, అన్నిటికంటే పైన, ముందు వైపు తడి ఎక్కడుందో అక్కడ వెతకాలి.

అది కనపడాలంటే ఇంజిన్ శుభ్రంగా ఉండాలి. చల్లారిన ఇంజిన్ మీద జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడవండి. ఆల్టర్నేటర్, వైరింగ్ కనెక్టర్లు, గాలి పీల్చే గొట్టం ప్లాస్టిక్ కవర్‌తో కప్పాలి, ప్రెషర్ పైపు జోలికి పోవద్దు. కింద ప్లాస్టిక్ షీల్డ్ ఉంటే విప్పాలి, ఆయిలంతా దానిలోనే నిలిచి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కిందికి దూరాలంటే జాక్ ఒక్కదాన్ని నమ్మొద్దు. స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డు వేశాకే దూరండి, ఇందులో రాజీ లేదు. తుడిచాక ఓ ఇరవై నిమిషాలు నడిపి, ఆపి, టార్చితో చూడండి. అప్పటికీ తేలకపోతే అనుమానం ఉన్న చోట టాల్కం పౌడరు చల్లి మళ్లీ నడపండి, తడి గీత తెల్లటి పొడి మీద స్పష్టంగా పడుతుంది. ఆయిల్‌లో యూవీ డై (యూవీ కాంతిలో మెరిసే రంగు) కలిపి యూవీ లైటుతో చూడటం ఇంకా కచ్చితమైన పద్ధతి.

ఈ మధ్యే సర్వీసు అయి ఉంటే ముందు పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ ప్లగ్ వాషర్, ఆయిల్ ఫిల్టర్ చూడండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగించడం చాలాసార్లు జరుగుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ హౌసింగ్, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు, ముందు క్రాంక్ సీల్, డీజిల్ అయితే టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే పైపు, వీటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ రండి.

రెండు మూడు చోట్ల ఒకేసారి కారుతుంటే పీసీవీ వాల్వ్‌ని అనుమానించండి. ఇంజిన్ లోపల పోగయ్యే గ్యాసు బయటికి పోయే దారి అది. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి సీల్ నుంచీ ఆయిల్‌ని బయటికి నెడుతుంది. అది బాగుచేయకుండా సీళ్లు ఎన్ని మార్చినా మళ్లీ కారుతుంది. చాలా పెట్రోల్ బండ్లలో ఈ వాల్వ్ విప్పి ఊపితే గలగలమనాలి. చప్పుడు లేకపోతే మార్చేయండి.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మనమే వేసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ తీసి, కాయిల్స్, గొట్టాలు విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. మా పాత ప్యాకింగ్ వంచగానే ఎండుపుల్లలా పుటుక్కుమంది, అంటే రబ్బరులో మెత్తదనం పూర్తిగా పోయినట్టే. కవర్ గాడినీ, కింది అంచునీ ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, పొడిగా తుడవాలి. ఇనుప బ్లేడు పెడితే అల్యూమినియం మీద గీత పడి అదే కొత్త లీకవుతుంది. మాన్యువల్ చెప్పిన మూలల్లో మాత్రమే సీలెంట్ కొద్దిగా పెట్టండి, ఎక్కువైతే లోపలికి రాలి ఆయిల్ దారికి అడ్డం పడుతుంది. బోల్టులు మధ్య నుంచి అంచులకి, కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో బిగించాలి. చాలా బండ్లలో ఈ బోల్టులకి 10 న్యూటన్ మీటర్ల లోపు టార్క్ చాలు, మీ బండిది మాన్యువల్లో చూసి టార్క్ రెంచ్‌తో బిగించండి. లీకు ఆగాలని గట్టిగా తిప్పితే కవరే పగులుతుంది.

వేడి సైలెన్సర్ గొట్టం మీద పాత ఆయిల్ మిగిలి ఉంటే మొదటి రోజు కాస్త పొగ, కాలిన వాసన రావచ్చు. అది తగ్గకుండా రెండో రోజు కూడా వస్తుంటే బండి ఆపి మళ్లీ టార్చి తీయండి. వారం పాటు రోజూ డిప్‌స్టిక్ చూడండి, రాత్రి అట్టముక్క పరవండి.