సినిమా పాఠం చెప్పడం నేర్చుకుందాం – 3వ భాగం: ముందు ప్రశ్న, తర్వాత క్లిప్

గత భాగంలో, కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. దాన్ని పక్కన పెట్టుకుని ఇది చదవండి.

క్లాసులో ఏం చూపించాలి అనగానే చాలామంది గొప్ప సినిమాల జాబితా తీస్తారు. ఆ పని ఇప్పుడే వద్దు. గొప్ప సినిమా అయినంత మాత్రాన పాఠానికి పనికొస్తుందని లేదు. ముందు ప్రశ్న రాయండి, ఆ ప్రశ్నకు సరిపోయే క్లిప్ వెతకండి. "ఈ సీన్ నచ్చిందా?" అని అడిగితే తెర వైపు సరిగ్గా చూడనివాళ్లు కూడా ఏదో ఒకటి చెప్పేస్తారు. "కెమెరా కదలకుండానే మనుషులు మనకు ఎలా దగ్గరయ్యారు?" అని అడగండి. జవాబు కోసం మళ్లీ తెర వైపు చూడక తప్పదు.

ఈ ప్రశ్నకు నేను ఎంచుకునేది తొలినాళ్లలో సినిమాలు తీసిన ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరుల చిత్రం, స్టేషన్‌లోకి రైలు వచ్చేది. 1896లో ప్రదర్శించారు. నిడివి సుమారు 50 సెకన్లు, మొత్తం ఒకే షాట్, అంటే కెమెరా ఆపకుండా తీసిన ఒకే ముక్క. దూరంగా చిన్నగా కనిపించిన రైలు ఐమూలగా మన వైపు వస్తుంది. దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు ప్లాట్‌ఫామ్ మీద అటూ ఇటూ నడుస్తూ కొందరు కెమెరా పక్కనుంచే వెళ్తారు. ఒక్క కట్ కూడా లేకుండా లాంగ్ షాట్ నుంచి దగ్గరి షాట్ దాకా అన్నీ అందులోనే దొరుకుతాయి. ఫ్రేము (తెర మీద కనిపించే బొమ్మ హద్దు), లోతు (దగ్గరివీ దూరానివీ మధ్య దూరం తెలిసే తీరు), షాట్ సైజు (మనిషి తెర మీద ఎంత పెద్దగా కనిపిస్తాడన్నది) అన్న మూడు మాటలూ దీంతోనే నేర్పవచ్చు. రైలును చూసి ప్రేక్షకులు భయంతో పరుగెత్తారన్న కథ మాత్రం ముందే చెప్పకండి. దానికి గట్టి ఆధారం లేదు. పైగా అది విన్నాక పిల్లలు ఫ్రేము వదిలేసి ఆ కథనే పట్టుకుంటారు.

రెండో క్లిప్ మొదటిదానితో పోల్చడానికి వీలుగా ఉండాలి. లోతు గురించే మాట్లాడుతున్నాం కాబట్టి, 1941 నాటి అమెరికన్ సినిమా "సిటిజన్ కేన్"లో పిల్లవాడు మంచులో ఆడుకునే సీన్ తీసుకోండి. కెమెరా కిటికీ దగ్గర మొదలై వెనక్కి గదిలోకి వస్తుంది. ముందు తల్లి పిల్లవాణ్ని సంరక్షకుడికి అప్పగించే కాగితాల మీద సంతకం పెడుతుంటే, వెనక కిటికీలోంచి పిల్లవాడు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాడు. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ దగ్గరిదీ దూరానిదీ రెండూ ఫోకస్‌లో ఉంచాడు. తన జీవితం మారిపోతోందని పిల్లవాడికి తెలియదు, మనకు తెలుసు. డైలాగ్ చెప్పని ఆ సంగతిని ఫ్రేము చెబుతోంది. ఎవరు ఎవరో రెండు వాక్యాల్లో చెబితే చాలు, ఆ రోజుకు మొత్తం సినిమా చూపించక్కర్లేదు.

క్లిప్ దొరకగానే పని అయిపోదు, కాపీ కూడా చూసుకోవాలి. 4:3 (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) సినిమాను ఇంకా వెడల్పైన 16:9కి కత్తిరిస్తే బొమ్మ ఎత్తులో నాలుగో వంతు పోతుంది. ఫ్రేము గురించి పాఠం చెబుతూ ఫ్రేమే లేని కాపీ చూపించడం విద్యార్థులకు అన్యాయం. తొలి మూకీల్లో చాలావాటిని సెకనుకు 16 ఫ్రేముల (ఇక్కడ ఫ్రేము అంటే ఒక్కో నిశ్చల బొమ్మ) దరిదాపుల్లో తీశారు. వాటిని 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే మనుషులు గబగబా గెంతుతున్నట్టు కనిపిస్తారు, క్లాసు నవ్వుతుంది, పాత సినిమా అంటే ఇంతేనని అనుకుంటుంది. మూకీకి తర్వాత చేర్చిన సంగీతం కూడా అంతే, కాపీని బట్టి మారుతుంది. అందుకే నేను మూకీని మొదట నిశ్శబ్దంగా చూపించమంటాను.

పాఠ్యపుస్తకం సంగతి వచ్చే భాగంలో. ఈలోగా ఒకటి గుర్తుంచుకోండి: చదవాల్సిన పేజీలు క్లిప్ చూశాకే ఇవ్వండి. ముందే ఇస్తే విద్యార్థి తెర మీద పుస్తకంలోని మాటలనే వెతుక్కుంటాడు.

ఈ వారం అభ్యాసం: మీ కాగితంలోంచి ఒక లక్ష్యం తీసుకుని ప్రశ్నగా మార్చండి. దానికి మూడు నిమిషాలు మించని క్లిప్పులు రెండు ఎంచుకోండి. ఒక్కో క్లిప్‌ను మామూలుగా ఒకసారి, సౌండ్ తీసేసి ఒకసారి, మూకీ కాకపోతే కళ్లు మూసుకుని వింటూ ఇంకోసారి గమనించండి. ప్రతిసారీ కొత్తగా తెలిసింది రాయండి. రెండోసారికే కొత్తగా రాయడానికి ఏమీ లేకపోతే, అది మీకెంత ఇష్టమైన సీన్ అయినా పక్కన పెట్టి ఇంకోటి వెతకండి.