లాసెట్ స్వయంశిక్షణ, నాలుగో పాఠం: సి భాగంలో కవల బిట్లు, కథ బిట్లు

లాసెట్ అంటే లా కోర్సుల్లో సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష. ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన మూడు బిట్ల జవాబులు. భూదానోద్యమం పోచంపల్లిలో మొదలైంది 1951 ఏప్రిల్ 18న. 3, 8, 15, 24, 35 తర్వాత వచ్చేది 48. 2, 3, 4, 5, 6, 7 వర్గాల్లోంచి ఒక్కొక్కటి తీసేస్తే ఆ వరుస వస్తుంది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది 1978 నాటి 44వ సవరణ. దీనికి 42 అని పెట్టినవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు ఈ పాఠాన్ని రెండుసార్లు చదవాలి, ఇవాళ్టి సంగతంతా ఆ పొరపాటు చుట్టూనే ఉంటుంది.

లెక్క మరోసారి గుర్తు చేసుకుందాం. 120 బిట్లు, 120 మార్కులు, 90 నిమిషాలు. ఎ భాగంలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. బి భాగంలో వర్తమాన వ్యవహారాలు 30. సి భాగంలో న్యాయవిద్య ఆప్టిట్యూడ్ 60. అంటే సగం పేపరు సి భాగమే. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు చూసేది కూడా సి భాగం మార్కులే. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీసం కూడా లేదు. కానీ మంచి కాలేజీలో కన్వీనర్ సీటు కావాలంటే 42 దగ్గర ఆగే ఆలోచనే పెట్టుకోవద్దు. మూడేళ్ల కోర్సుకైనా ఐదేళ్ల కోర్సుకైనా పేపరు చట్రం ఒక్కటే. డిగ్రీ స్థాయి, ఇంటర్ స్థాయి అన్నదే తేడా.

సమయం ఇలా పంచుకోండి. బి భాగం ముందు, 12 నిమిషాలు. అక్కడ తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేనట్టు, ఎంత ఆలోచించినా కొత్తగా గుర్తొచ్చేది తక్కువ. తర్వాత సి భాగానికి 45 నిమిషాలు, ఎ భాగానికి 25. మిగిలిన 8 నిమిషాలు మళ్లీ చూద్దామని గుర్తు పెట్టుకున్నవాటికి. ఎ భాగాన్ని చివరికి ఎందుకు తోశామంటే, రక్త సంబంధాలు, దిక్కులు, అంకెల వరుసలు పంతం పట్టిస్తాయి. ఒక్క బిట్టు దగ్గర నాలుగు నిమిషాలు పోయినా తెలియదు. మొదట్లోనే అలా పోతే మిగతా పేపరంతా పరుగే. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలొద్దు.

ఇప్పుడు సి భాగంలోకి వద్దాం. ఇక్కడి బిట్లను మూడు రకాలుగా చూడాలి.

మొదటిది నేరుగా అడిగేది. అంటరానితనం నిర్మూలన ఏ అధికరణం, ఉచిత న్యాయ సహాయం ఏ అధికరణం, ఒప్పందాల చట్టం ఏ ఏడాది లాంటివి. 17, 39ఎ, 1872. చదివినవాళ్లకు పది సెకన్ల పని, చదవనివాళ్లకు ఎంతసేపైనా రాదు. వీటికి కిటుకులంటూ లేవు, రాజ్యాంగం మూడో భాగం, నాలుగో భాగం రోజుకు అయిదు అధికరణాల చొప్పున చదవడమే.

రెండోది కవల బిట్టు. ఆప్షన్లలో రెండు ఒకే పోలికతో పక్కపక్కన కూర్చుంటాయి. విషయం తెలిసినవాళ్లు కూడా మార్కు పోగొట్టుకునేది ఇక్కడే, ఎందుకంటే వాళ్లకు తెలిసింది సగం. 15, 16 అధికరణాలనే తీసుకోండి. రెండూ వివక్ష వద్దంటాయి. 15లో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగాల గురించి చెప్పే 16లో వీటికి తోడు వంశం, నివాసం కూడా చేరతాయి. "పుట్టిన చోటు" అని అడిగితే రెండింటిలోనూ ఉంది, "నివాసం" అని అడిగితే 16లోనే ఉంది. పేపరు తయారుచేసేవాళ్లకు ఈ ఒక్క మాట తేడా చాలు.

ఇలాంటి కవలలకు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎడమ పేజీలో ఒకటి, కుడి పేజీలో దాని జంట, మధ్యలో వాటిని వేరుచేసే ఒక్క మాట. ఉదాహరణకు 20వ అధికరణంలో రెండో క్లాజు ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వద్దంటుంది, మూడో క్లాజు నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయొద్దంటుంది. 32 కింద ప్రాథమిక హక్కు కోసం సుప్రీంకోర్టుకు పోతాం, 226 కింద హైకోర్టుకు ప్రాథమిక హక్కుల కోసమే కాక ఇతర హక్కుల కోసమూ పోవచ్చు. రిట్టు అంటే హైకోర్టో సుప్రీంకోర్టో ఇచ్చే ఆదేశం. ప్రొహిబిషన్ రిట్టు కింది కోర్టులో విచారణ నడుస్తుండగా ఆపుతుంది, సెర్షియోరరీ తీర్పు వచ్చాక దాన్ని కొట్టేస్తుంది. మాండమస్ ప్రభుత్వాధికారిని తన విధి చేయమంటుంది, కో వారంటో ఏ అధికారంతో ఆ పదవిలో కూర్చున్నావని అడుగుతుంది. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటినుంచే చెల్లదు. బెదిరించి చేయించుకున్నది బాధితుడు వద్దనేదాకా చెల్లుతుంది, రద్దు చేసుకునే వీలు అతనిదే.

కవల బిట్లలో "కానిది", "వర్తించనిది", "మాత్రమే" అనే మాటలు ప్రశ్న చివర్లో దాక్కుంటాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ప్రశ్నను సగం చదివి ఆప్షన్లకు దూకితే ఆ మాట కంట్లో పడదు. "ఈ కింది హక్కుల్లో పౌరులకు మాత్రమే వర్తించేది ఏది?" అని అడిగి 14, 19, 21, 25 ఇచ్చారనుకోండి. నాలుగూ ప్రాథమిక హక్కులే. "మాత్రమే"ను చూసినవాళ్లు 19 పెడతారు. చూడనివాళ్లు బాగా అలవాటైన 21 మీద నొక్కేసి ముందుకు పోతారు. సిస్టమ్ మీద పరీక్ష కాబట్టి గీత గీసుకునే వీల్లేదు. అందుకే ప్రశ్నలోని చివరి మూడు మాటలను పెదాల మీద మరోసారి చదివే అలవాటు మాక్ టెస్టుల్లోనే చేసుకోవాలి.

మూడోది కథ బిట్టు. పైన ఒక సూత్రం, కింద ఒక సంఘటన, ఆ కింద నాలుగు ఆప్షన్లు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

సూత్రం: మరొకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని, వారి సమ్మతి లేకుండా, నిజాయితీ లేని ఉద్దేశంతో, తీసుకుపోవడం కోసం కదిలించినవారు దొంగతనం చేసినట్టే. నేలకు అంటుకుని ఉన్న వస్తువు చరాస్తి కాదు, నేల నుంచి వేరుచేయగానే చరాస్తి అవుతుంది.

సంఘటన: నల్లగొండ దగ్గర ఒక బత్తాయి తోటలోకి రాత్రిపూట ఒకడు దూరాడు. అమ్ముకుందామని ముప్పై కాయలు కోసి సంచిలో వేసుకున్నాడు. గట్టు దాటకముందే కుక్క మొరిగింది. సంచి అక్కడే పారేసి పరుగెత్తాడు.

ఆప్షన్లు: (ఎ) దొంగతనం కాదు, కాయలు తోట దాటలేదు. (బి) దొంగతనం కాదు, చెట్టు కాయలు చరాస్తి కాదు. (సి) దొంగతనమే, కోసిన కాయలను ఆ ఉద్దేశంతో కదిలించాడు. (డి) దొంగతనానికి ప్రయత్నం మాత్రమే.

ఇక్కడ ముందు సంఘటనలోకి దిగొద్దు. సూత్రాన్ని ముక్కలు చేయండి. మరొకరి స్వాధీనం, చరాస్తి, సమ్మతి లేకపోవడం, నిజాయితీ లేని ఉద్దేశం, కదిలించడం. అయిదు ముక్కలు. ఒక్కో ముక్కకు సంఘటనలో జవాబు వెతకండి. తోట మరొకరిది, ఉంది. కాయలు కోశాడు కాబట్టి చరాస్తి అయ్యాయి, ఉంది. సమ్మతి లేదు. అమ్ముకుందామనుకున్నాడు, ఉద్దేశం ఉంది. సంచిలో వేశాడు, కదిలించాడు. అయిదూ కుదిరాయి, జవాబు సి. సూత్రంలో "తోట దాటించడం" అనే ముక్కే లేదు కాబట్టి ఎ పోతుంది. బి, కోయకముందు నిజం, కోశాక కాదు. ఎక్కువమందిని పడేసేది డి. దొరకలేదు, కాయలూ పోలేదు, కాబట్టి ప్రయత్నమే అని మనసు లాగుతుంది. కానీ సూత్రం కాయలు పోయాయా అని అడగలేదు, కదిలించాడా అని అడిగింది.

ఆప్షన్లలో మరో సంగతి గమనించండి. ఎ, బి, సి ఆప్షన్లలో తీర్పు ఒకటి, కారణం ఒకటి ఉన్నాయి. తీర్పు సరైనదై కారణం తప్పుగా ఉన్న ఆప్షన్‌ను తరచుగా ఇస్తారు. "దొంగతనమే, రాత్రిపూట దూరాడు కాబట్టి" అని ఉంటే తీర్పు ఒప్పు, కారణం తప్పు. సూత్రంలో రాత్రి ఊసే లేదు. కాబట్టి కామాకు ముందున్నదీ తర్వాత ఉన్నదీ విడివిడిగా తూచాలి.

ఇంకో బిట్టు. దీనిలో ఇరుక్కునేది తెలియనివాళ్లు కాదు, బాగా చదివినవాళ్లు.

సూత్రం: పనివాడు పని వేళల్లో చేసిన ప్రతి తప్పుకూ యజమానే బాధ్యుడు. ఆ పని యజమాని చెప్పిందా కాదా అన్నది చూడనక్కర్లేదు.

సంఘటన: బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లీల బస్తాలు ఎత్తుకున్న లారీ హైదరాబాద్ పోవాలి. డ్యూటీలో ఉన్న డ్రైవరు చెల్లెల్ని చూసొద్దామని మహబూబ్‌నగర్ వైపు తిప్పాడు. దారిలో స్కూటరును గుద్దాడు. యజమాని బాధ్యుడా?

అపకృత్యాల చట్టం (ఒకరి తప్పు వల్ల మరొకరికి నష్టం జరిగితే పరిహారం గురించి చెప్పేది) చదివినవాళ్లు వెంటనే, డ్రైవరు సొంత పని మీద పోయాడు కాబట్టి యజమానికి బాధ్యత లేదంటారు. నిజమైన చట్టంలో ఆ వాదనకు బలం ఉంది. కానీ ఇక్కడ ఇచ్చిన సూత్రం ఆ మినహాయింపును తలుపులోనే ఆపేసింది. జవాబు, యజమాని బాధ్యుడే. ఇచ్చిన సూత్రం మీకు తెలిసిన చట్టానికి సరిపోకపోయినా, అన్యాయంగా అనిపించినా, ఆ బిట్టుకు అదే చట్టం. పరీక్షిస్తున్నది మీ జ్ఞాపకశక్తిని కాదు, ఇచ్చిన నియమానికి కట్టుబడి ఆలోచించగలరా అన్నదాన్ని. వకీలు పనిలో సగం అదే కాబట్టి ఈ రకం బిట్టు సి భాగంలో అన్నిటికంటే న్యాయమైనదని మా అభిప్రాయం.

సూత్రం ఇవ్వకుండా సంఘటన మాత్రమే ఇస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు అసలు చట్టమే కొలత. పదిహేడేళ్ల కుర్రాడు వయసు దాచి అప్పు పత్రం రాసిస్తే, సూత్రం లేకపోయినా 1903 నాటి మొహరీ బీబీ కేసు గుర్తుకు రావాలి. మైనరు ఒప్పందం చెల్లదు. సూత్రం ఉందా లేదా అన్నది ముందు చూసుకోండి, తర్వాతే మౌస్ కదలాలి.

ఇక పాత పుస్తకాలతో వచ్చే చిక్కు. నేరాలు, శిక్షల గురించి చెప్పే పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో దొరికే గైడ్లలో ఇంకా ఐపీసీ సెక్షన్లే ఉంటాయి. పారేయనక్కర్లేదు, అంచున పెన్సిలుతో కొత్త నంబరు వేసుకోండి. హత్య నిర్వచనం 300 పోయి 101, హత్యకు శిక్ష 302 పోయి 103. దొంగతనం 378, 379 కలిసి 303. మోసం 420 అన్నది 318లో చేరింది. నిర్లక్ష్యంతో మరణం 304ఎ ఇప్పుడు 106. ఆత్మరక్షణ హక్కు 96 నుంచి 106 దాకా ఉన్నది 34 నుంచి 44కు వచ్చింది. పాత 106, కొత్త 106 వేర్వేరు సంగతులని గమనించారా? ఇదీ ఒక కవలే. ఎఫ్‌ఐఆర్ పాత సీఆర్పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం)లో 154, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 173. భార్యాపిల్లల మనోవర్తి 125 పోయి 144. సంఘటనలో తేదీ ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. 2024 జూన్ 30న జరిగిన నేరానికి పాత ఐపీసీయే వర్తిస్తుంది, కేసు తర్వాత పెట్టినా సరే.

తెలుగు మీడియంవాళ్లకు ఒక మాట. ప్రశ్న రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. "ప్రతిఫలం" అంటే కన్సిడరేషన్, "అపకృత్యం" అంటే టార్ట్ అని ముందే జత కలుపుకోకపోతే తెలుగు వాక్యం చదివీ అర్థం కాదు. నలభై, యాభై మాటలకు ఇలా రెండు నిలువు వరుసలు రాసుకుంటే సరిపోతుంది. ఎక్కడైనా తెలుగు అనువాదం తికమకగా ఉంటే ఇంగ్లీషు వాక్యాన్ని కూడా చూడండి. క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) పుస్తకాలతో తయారయ్యేవాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి, అది ఇంగ్లీషులోనే ఉండే పేపరు. పొడవాటి పేరాలు, తప్పుకు పావు మార్కు కోత. అక్కడ అలవాటైన "తెలియకపోతే వదిలేయ్" పద్ధతి లాసెట్‌లో నష్టం చేస్తుంది.

ఈ వారం పని. ఏదైనా పాత పేపరు తీసి సి భాగంలోని 60 బిట్లను ముందు జవాబు పెట్టకుండానే గుర్తించండి. నేరుగా అడిగినదానికి "నే", కవలకు "క", కథకు "థ". తర్వాత 45 నిమిషాలు గడియారం పెట్టుకుని చేయండి. తప్పుపోయినవాటి పక్కన ఏ అక్షరం ఎక్కువుందో లెక్కపెట్టండి. "నే" ఎక్కువైతే చదువు చాలలేదు, "క" ఎక్కువైతే నోటుబుక్కు కావాలి, "థ" ఎక్కువైతే సూత్రాన్ని ముక్కలు చేయకుండానే కిందికి దిగుతున్నారు.

దీంతోపాటు ఈ రెండూ చేసి ఉంచండి, జవాబులు అయిదో పాఠం మొదట్లో.

1. జిల్లా కోర్టు ఒక కేసు విచారిస్తోంది, తీర్పు ఇంకా రాలేదు. ఆ కేసు ఆ కోర్టు పరిధిలోకే రాదు. హైకోర్టు నుంచి కోరాల్సిన రిట్టు ఏది? (ఎ) సెర్షియోరరీ (బి) మాండమస్ (సి) ప్రొహిబిషన్ (డి) కో వారంటో

2. సూత్రం, పైన బత్తాయి తోటకు ఇచ్చినదే. సంఘటన: మిర్యాలగూడలో ఒకతను తన మోటారు సైకిలును రిపేరుకు ఇచ్చాడు. 2,800 రూపాయల బిల్లు కట్టేదాకా బండి ఇవ్వనని మెకానిక్ షెడ్డులో పెట్టాడు. అలా ఆపుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. యజమాని బిల్లు ఎగ్గొట్టాలని రాత్రి రెండో తాళంచెవితో బండి తీసుకుపోయాడు. (ఎ) దొంగతనం కాదు, బండి అతనిదే. (బి) దొంగతనమే, బండి మెకానిక్ స్వాధీనంలో ఉంది. (సి) దొంగతనం కాదు, తాళం పగలగొట్టలేదు. (డి) దొంగతనమే, రాత్రిపూట తీసుకుపోయాడు.