పరాయి దేశంలో పూజ మూల: ముందు దీపం సంగతి చూసుకో

అబ్బయ్యా, జొన్నవాడ కామాక్షమ్మ పటం ఏ దిక్కున పెట్టాలా అని వారం రోజులు తర్జనభర్జన పడొద్దు. తూర్పు కుదరకపోతే ఉత్తరం, అదీ కుదరకపోతే శుభ్రంగా ఉన్న ఏ మూలైనా సరే. ఆలోచించాల్సింది దీపం గురించి.

బట్టల అల్మారా ఖాళీ చేసి అందులో మందిరం పెట్టేస్తున్నారు. వద్దు. మంటకూ పై అరకూ మధ్య జానెడు కూడా ఉండదు, వేడంతా పైకే కొడుతుంది. మంట మీద ఏ అరా ఉండకూడదు, చుట్టూ కనీసం 30 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. పొగ అలారానికి 3 మీటర్లయినా ఎడంగా పెట్టు.

ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది. వత్తి నూనెను పీల్చి ప్రమిద మూతి మీదుగా బయటికి కారుస్తుంది. కింద పరిచిన పట్టుగుడ్డ రోజూ కాస్త కాస్త నాని, చివరికి అదే పెద్ద వత్తి అవుతుంది. అందుకే ప్రమిద కింద అంచున్న ఇత్తడి పళ్లెం, దాని కింద పలకరాయి ముక్క పెట్టు. మార్కాపురం పక్కనుండి వచ్చేవాళ్లకు పలకరాయి కొరతా? వత్తి గోరంతే బయటికి రావాలి, పొడుగైతే మసి కమ్ముతుంది. నూనె ఒక్క చెంచా పొయ్యి, దీపం కొండెక్కేదాకా గది వదలకు. నూనె అంటుకుంటే నీళ్లు చల్లకు, ఇంకో లోహపు పళ్లెం దాని మీద బోర్లించు.

కర్పూరం విమానంలో తేవద్దు, మండే సరుకు. ఇక్కడ కొన్నా పిల్లలకు అందనివ్వకు. కలకండ అనుకుని మింగితే ఫిట్స్ వస్తాయి. హారతి వంటింట్లో చిమ్నీ కింద, ఒక్క బిళ్లతో ఇవ్వు. కిటికీలు బిగించిన ఇంట్లో బొగ్గు నిప్పుల మీద సాంబ్రాణి వేస్తే ప్రాణం తీసే విషవాయువు నిండుతుంది.

మంటలేమీ లేకుండా ఉత్త హారతి పొగకే అలారం మోగిందా? కిటికీ తెరువు, తువ్వాలుతో పొగను బయటికి విసురు. అందరూ నడిచే వరండా వైపు తలుపు మాత్రం తెరవకు! పొగ అటు పోతే భవనమంతా మోగి, చలిలో అందరూ కిందికి దిగాలి. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పాలి? నిద్రలో నిజంగా మంటలు లేస్తే నిన్ను లేపేది అదే.

సరేలే, ఇంత చెప్పానని దీపం మానెయ్యక్కర్లేదు. ఒక్క ప్రమిద, ఒక్క చెంచా నూనె, నువ్వు ఎదురుగా కూర్చోవడం, ఇంతే. అద్దె ఒప్పందంలో మంట కూడదని రాసుంటే కరెంటు దీపం పెట్టుకో, పూజకు లోటేమీ రాదు.