మాయ కిందికి ఉందని స్కాన్‌లో వస్తే ఏం చేయాలి?

ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ రిపోర్టులో 'లో లైయింగ్ ప్లాసెంటా', అంటే మాయ కిందికి ఉంది అని ఉంటే బెంబేలు పడకండి. పదిమందిలో తొమ్మిదిమందికి గర్భసంచి పెరిగేకొద్దీ మాయ పైకి జరుగుతుంది. 32 వారాలకు మళ్లీ స్కాన్ తీయించండి, అప్పటికీ కిందే ఉంటే 36కి ఇంకోటి. కింది నుంచి చేసే స్కాన్ వద్దనకండి. దానివల్ల ప్రమాదం లేదు, మాయ అంచు గర్భసంచి మూతికి ఎంత దూరంలో ఉందో అందులోనే సరిగ్గా తెలుస్తుంది. 20 మిల్లీమీటర్లలోపు ఉంటే జాగ్రత్త తప్పదు, మూతిని కప్పేస్తే సిజేరియనే. ముందు కాన్పు కూడా సిజేరియనైతే, పాత కోత మచ్చకు మాయ అతుక్కుందేమో చూడమని అడగండి.

హిమోగ్లోబిన్ 11 దాటాలి. ఐరన్ మాత్ర టీతోనో కాల్షియంతోనో మింగితే ఒంటికి పట్టదు, రెండు గంటల ఎడం ఉంచండి. మీ గ్రూపు రక్తం ఇవ్వగలవాళ్లను ఇద్దరిని ముందే చూసిపెట్టుకోండి. రిపోర్టులన్నీ ఒకే కవర్లో, తలుపు పక్కనే ఉండాలి.

బరువులెత్తడం, భార్యాభర్తలు కలవడం ఆపండి. మొక్కుందని అలిపిరి 3,550 మెట్లు ఎక్కొద్దు, కాన్పయ్యాక తీర్చుకోవచ్చు. సీమంతం చేసి దూరపు పల్లెలోని పుట్టింటికి పంపడమూ ఈసారికి వద్దు, అమ్మనే ఇక్కడికి రమ్మనండి. అలాగని మంచం దిగకూడదనే పెద్దల మాట వినక్కర్లేదు. కదలకుండా పడుకుంటే మాయ పైకి రాదు, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఇంట్లో మెల్లగా తిరగండి.

అసలు పొరపాట్లన్నీ రక్తం కనిపించినప్పుడే జరుగుతాయి. చివరి నెలల్లో గర్భసంచి కింది భాగం సాగి పలచబడుతుంది, అక్కడ అతుక్కున్న మాయ అంచు ఊడి రక్తం కారుతుంది. ఎర్రగా వస్తుంది, నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా, తెల్లారి చూద్దాం అనుకోవడమే కొంప ముంచేది. దానంతటదే ఆగినా సరే బయల్దేరాల్సిందే, రెండోసారి ఎక్కువగా పోవచ్చు.

గుడ్డ కాదు, తెల్ల ప్యాడే పెట్టుకోండి. తడిసినవి పారేయకుండా డాక్టరుకు చూపిస్తే ఎంత పోయిందో అంచనాకు వస్తారు. ఏమీ తినొద్దు, ఆపరేషన్ పడొచ్చు. ఎడమవైపు తిరిగి పడుకుని 108కి ఫోన్ చేయించండి. ఆటో వద్దు, అందులో సెలైన్ పెట్టేవాళ్లుండరు. రక్తనిధి, ఆపరేషన్ థియేటరు, రాత్రి డాక్టరు మూడూ ఉన్నచోటికే వెళ్లాలి: తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి. చిన్న నర్సింగ్‌హోంకి వెళ్తే అక్కణ్నుంచి మళ్లీ పంపిస్తారు, ఆ గంట వృథా.

లోపలికెళ్లగానే మొదటి మాట: "మాయ కింద ఉంది, వేళ్లతో పరీక్ష చేయొద్దమ్మా, ముందు స్కాన్ చూడండి." వేలు మాయకు తగిలితే ధారగా పోతుంది. తోడొచ్చినవాళ్లకూ ఈ మాట నేర్పండి.

నెలలు నిండకముందైతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేస్తారు, కాదనొద్దు. మీది నెగెటివ్ గ్రూపైతే రక్తం పోయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని అడగండి. వేస్తే డిశ్చార్జి చీటీలో రాయించుకునే గేటు దాటండి.