అడవి పందులకి సోలార్ జట్కా కడుతున్నారా, మెషిన్ కంటే ముందు ఎర్తింగ్ చూసుకోండి

మక్క కంకి పాలు పట్టే టైంకి అడవి పందుల గుంపు ఒక్క రాత్రి చేన్లో పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు, తినేది తక్కువ, తొక్కి పడేసేది ఎక్కువ. చీరలు కట్టడం, డబ్బాలు మోగించడం, వెంట్రుకలు చల్లడం అన్నీ నాలుగు రోజులే పనిచేస్తాయి. నా అనుభవంలో నిలబడింది సోలార్ ఫెన్సింగ్ ఒక్కటే, అంటే సోలార్ బ్యాటరీ మీద నడిచే మెషిన్ చేను చుట్టూ ఉన్న తీగలోకి ఆగి ఆగి షాక్ కొట్టే కంచె, దీన్నే జట్కా అంటారు, కానీ సగం మంది దాన్ని తప్పుగా కట్టి మెషిన్ మంచిది కాదంటున్నారు.

ముందు ఒక్క మాట, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా. మోటార్ స్టార్టర్ నుంచి వైరు లాగి డైరెక్ట్ కరెంట్ పెట్టొద్దు. అది 230 వోల్టులే కానీ ఆగకుండా వస్తుంది, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న చెయ్యి వదలదు. రాత్రి మోటార్ వెయ్యడానికి పోయి పక్క చేను తీగ తగిలి చనిపోయిన రైతుల వార్తలు మన దగ్గర వస్తూనే ఉన్నాయి. జట్కా మెషిన్ 8 వేల వోల్టులు ఇచ్చినా ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, తర్వాత సెకను పైనే గ్యాప్, ఆ గ్యాప్‌లో పంది వెనక్కి దూకుతుంది, మనిషైతే చెయ్యి తీసేస్తాడు. కొనేటప్పుడు ఐఈసీ 60335-2-76 అనే కంచె మెషిన్ల అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ప్రకారం చేసిందా అని అడగండి, లోకల్‌గా అసెంబుల్ చేసినవి చవగ్గా దొరికినా వద్దు.

ఇక లెక్క. నాలుగెకరాల చదరపు చేను అనుకుంటే చుట్టూ దాదాపు 1,670 అడుగులు. పందులకి మూడు వరసలు చాలు, అంటే 5 వేల అడుగుల తీగ, 14 గేజ్ జీఐ (జింక్ పూత ఇనుము) అయితే 38 కిలోలు వస్తుంది, ముడులకి కలిపి 40 తెచ్చుకోండి. 12 అడుగులకి ఒక కడీ (తీగ కట్టే స్తంభం) పెడితే 140 కావాలి, మూలల్లో మాత్రం రాతి కడీ రెండడుగులు దించి సపోర్ట్ ఇవ్వండి, మధ్యలో కర్రలైనా సరిపోతాయి. కింది తీగ నేల నుంచి 8 అంగుళాలు, రెండోది 18, మూడోది 30. పంది ఒంటి మీద బిరుసు వెంట్రుకలకి దెబ్బ సరిగ్గా తగలదు, దాని మూతికే తగలాలి, అందుకే కింది రెండు తీగలే అసలు పని చేసేవి. గట్టు దగ్గర గుంత ఉంటే పూడ్చండి, పంది ఫస్ట్ వెతికేది అదే. ఇన్సులేటర్ల బదులు పైపు ముక్కలు కోసి పెడతారు చాలామంది, ఎండకి పగిలి వానాకాలంలో కర్రల గుండా కరెంట్ అంతా లీక్ అవుతుంది.

ఇప్పుడు ఎర్తింగ్. మెషిన్ నుంచి దెబ్బ తీగలోకి, తీగ నుంచి పంది ఒంట్లోకి, అక్కడి నుంచి నేల గుండా ఎర్త్ రాడ్‌కి, రాడ్ నుంచి తిరిగి మెషిన్‌కి చేరాలి, ఆ చుట్టు పూర్తయితేనే షాక్. ఒక్క రాడ్ అరడుగు దించి వదిలేస్తే ఎంత పెద్ద మెషిన్ అయినా వేస్ట్. ఐదడుగుల జీఐ రాడ్లు మూడు, పదేసి అడుగుల దూరంలో పూర్తిగా దించి, ఒకే వైరుతో క్లాంపులు పెట్టి కలపండి. తేమ ఉండే జాగా చూసుకోండి కానీ స్టార్టర్ ఎర్తింగ్‌కి కనీసం 35 అడుగుల దూరం ఉండాలి. ఎర్ర చెలక భూముల్లో ఎండాకాలం నేల ఎండిపోయి కరెంట్ నడవదు, అట్లాంటి చోట మధ్య తీగని ఎర్త్ టెర్మినల్‌కి కలిపెయ్యండి, కింది తీగా మధ్య తీగా రెండూ తగిలితే నేలతో పని లేకుండానే దెబ్బ పడుతుంది.

ఎర్తింగ్ బాగుందో లేదో ఇట్లా చూడండి. మెషిన్ ఆపి, దానికి 300 అడుగుల అవతల కంచె తీగకి ఇనప రాడ్లు ఆనించి నేలలో గుచ్చండి, ఆన్ చేస్తే తీగలో 2 వేల వోల్టుల కంటే తక్కువ రావాలి. అప్పుడు చివరి ఎర్త్ రాడ్ మీద ఫెన్స్ టెస్టర్ (కంచె వోల్టులు చూపించే మీటర్) పెట్టండి, 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్ దించాల్సిందే.

బ్యాటరీ సింపుల్. మెషిన్ అర ఆంపియర్ తీసుకుంటే 12 గంటల రాత్రికి 6 ఆంపియర్ అవర్లు, మూడు రోజుల ముసురు లెక్కేస్తే 18, బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు కాబట్టి 40 ఆంపియర్ అవర్లది తీసుకోండి.

గేటు కింద నుంచి లైన్ తీసుకెళ్ళేటప్పుడు ఇంటి వైరు వాడొద్దు, దాని తొడుగు 1,100 వోల్టులకి చేసింది, 8 వేలకి చిల్లు పడిపోతుంది, ఫెన్సింగ్ కేబుల్ అడిగి తెచ్చుకోండి. ముళ్ల తీగకి జట్కా కలపకూడదు, చిక్కుకున్న మనిషి గానీ లేగదూడ గానీ బయటికి రాలేదు. ఒకే కంచెకి రెండు మెషిన్లు పెట్టొద్దు. కరెంట్ స్తంభాల లైన్ కింద పొడుగునా తీగ కట్టొద్దు, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. దారి పక్కన పసుపు బోర్డులు తెలుగులో రాసి పెట్టండి, పక్క చేను వాళ్ళకి, గొర్లు మేపేవాళ్ళకి నోటితో కూడా చెప్పండి.

కట్టాక అసలు పని గడ్డి. వానలకి గడ్డి లేచి కింది తీగకి ఆనితే ఒక్కో పోచ నుంచి కొంచెం కొంచెం కారిపోయి చివర్లో ఏమీ మిగలదు. పది రోజులకోసారి బ్రష్ కట్టర్ తిప్పండి, సాయంత్రం ఆన్ చేసినప్పుడు మెషిన్ దగ్గర కాదు, దూరంగా ఉన్న మూలలో టెస్టర్ పెట్టి చూడండి, 4 వేలకి తగ్గకూడదు.

ఇంకోటి, కంకి వచ్చాక కట్టడం మొదలుపెట్టొద్దు. చేను మోకాలెత్తు ఉన్నప్పుడే ఆన్ చేసి పెడితే ఊరికే తిరగడానికి వచ్చిన పంది తీగని వాసన చూసి మూతి మీద దెబ్బ తిని పోతుంది, రుచి మరిగిన గుంపైతే దెబ్బ తిన్నా సరే తెంపుకొని లోపలికి దూరుతుంది.