థ్రాటిల్ ట్యూనింగ్‌కి ముందు చూసుకోవాల్సినవి

పెడల్ మ్యాప్ మార్చినంత మాత్రాన ఇంజిన్ పవర్ పెరగదు. కాలు ఎంత నొక్కితే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) ఎంత తెరుచుకోవాలనే లెక్క మారుతుంది, అంతే. ఆ లెక్కకే డబ్బు పెడుతున్నామని తెలిసి దిగండి.

• ముందు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఒరిజినల్ ఫైల్ కాపీ తీయించండి. "అదెందుకు సార్" అనే ట్యూనర్ దగ్గర కారు పెట్టకండి.

• పెడల్‌లో ఒకే పని చేసే సెన్సార్లు రెండుంటాయి. వాటి లెక్కలు కలవకపోతే ఈసీయూ కారుని లింప్ మోడ్‌లోకి, అంటే పవర్ తగ్గించి మెల్లగా నడిపే స్థితిలోకి, నెట్టేస్తుంది. వైజాగ్ ఉప్పు గాలికి, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు బయట నిలిపే కార్లలో, కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. కనెక్టర్ విప్పి, టార్చి వేసి చూడండి. చిలుముంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాకే బిగించండి. ఇది వదిలేసి మ్యాప్‌ని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

• ఫ్లాషింగ్ (ఈసీయూలోకి కొత్త ఫైల్ ఎక్కించడం) మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ పాడైపోవచ్చు. బ్యాటరీకి పవర్ సప్లై తగిలించండి. ఏసీ, లైట్లు, పాటలు బంద్.

• తాళం ఆన్‌లో ఉండగా థ్రాటిల్ బాడీలో వేలు పెట్టొద్దు. మోటారు లోపలి పలకను టక్కున మూసేస్తుంది.

• వారంటీ ఉంటే షరతులు చదవండి.

• మొదటి టెస్ట్ కైలాసగిరి ఘాట్‌లో వద్దు, వానలో అసలే వద్దు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో కారు కుదుపు లేకుండా పాకుతోందా, అది ముందు చూడండి.